నడుంలోతు మాట

గువ్వలంకలో ముత్యాలరాజు నోరు విప్పాడంటే వలలు బాగుచేసుకునేవాళ్ళు చేతిలో పని ఒళ్ళో పెట్టుకుని వినవలసిందే. వినకపోతే ఊరుకునే మనిషా ఆయన! కొల్లేటి నడిమధ్య, వానాకాలం వస్తే పడవ తప్ప దారి లేని ఆ లంకలో పుట్టి, మొదటి జర్మనీ యుద్ధంలో సముద్రం దాటి అరబ్బుదేశంలో బస్రా దాకా వెళ్ళి, అక్కడి ఏటిమీద మిలిటరీ వాళ్ళ మోటారు పడవ నడిపి, ప్రాణాలతో తిరిగొచ్చినవాడు చుట్టుపక్కల లంకలన్నిటికీ ఆయనొక్కడే. అందుకని వెనకాల బస్రా ముత్యాలు అనేవారు. ఎదురుగా మాత్రం ముత్యాలుగారండీ అనేవారు.

ఆయనకి అభిప్రాయాలు జాస్తి. లోకంలో ఏ సంగతి కదిపినా ఒక తీర్పు తయారుగా ఉండేది. దాన్ని మెత్తగా చెప్పడం మాత్రం ఆయనకి చేతకాదు.

"విమానం మీంచి బాంబేసేవాడికి కిందున్నోడి మొహం కనపడదండీ" అనేవాడు. "మొహం కనపడకపోతే మనిషికి సిగ్గుండదు. రేపొచ్చే యుద్ధమంతా సిగ్గులేని యుద్ధమే, రాసిపెట్టుకోండి."

సేనాధిపతుల మీద ఆయనకి బొత్తిగా గౌరవం లేదు. "దొరలు మ్యాపుమీద వేలుపెట్టి ఇక్కణ్ణించి ఇక్కడికి పదండనేవారు. మ్యాపులో ఏటికి బురదుండదు కదండీ. పడవ నడిపేవాణ్ణి ఒక్క మాటడిగితే చెప్పేవాడు, ఈ నీళ్ళల్లో పోదండీ అని. అడిగితే కదా. గుండు తగిలి పోయినోళ్ళకంటే విరోచనాలు పట్టుకుని పోయినోళ్ళే ఎక్కువ. యుద్ధమంటే అదీ."

ఏలూరులో ఒక ప్లీడరుగారి అరుగుమీద రేడియో విని వచ్చిన రోజున ఊరంతా ఎదురుచూసింది. ముత్యాలరాజు పెదవి విరిచాడు. "అది చెప్తుంటే మనం వినాలంట. మనం చెప్తే అది వినదంట. అలాంటివాళ్ళు ఊళ్ళోనే ఉంటారు కదండీ, దానికో పెట్టె ఎందుకు" అన్నాడు. "ఉన్నారండీ, మా ఎదురుగానే కూర్చున్నారు" అని ఎవడో వెనకనించి అనేసరికి అందరూ పకపకా నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ రోజుల్లో నవ్వేవాడు.

ఇంతటి తెలివైనవాడు ఎలా మోసపోయాడని ఇప్పటికీ అడుగుతారు. తెలివైనవాడు కనకే మోసపోయాడు. అమాయకుణ్ణి మోసం చేయాలంటే అబద్ధం అల్లాలి. తెలివైనవాణ్ణి పొగిడితే చాలు, మిగతాది తనే అల్లుకుంటాడు.

పొగిడినవాడు పరాయివాడు కూడా కాదు. ముత్యాలరాజు సొంత చెల్లెలు ఆదిలక్ష్మి మొగుడు, తాతారావు. అతనూ కొల్లేటి బిడ్డే. చిన్నప్పుడే తాడేపల్లిగూడెం చేరి, లంకల చేపల్ని రైలెక్కించే కమీషను వ్యాపారం పెట్టాడు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళొచ్చాడు. వచ్చాక ఖద్దరు కట్టి ఉపన్యాసాలు నేర్చాడు. మనిషి మహా మెత్తన. కోపంగా ఉన్నప్పుడు కూడా అండీ మరిచిపోయేవాడు కాదు. జైలుకెళ్ళిన బావగారంటే ముత్యాలరాజుకి గుళ్ళో దేవుడితో సమానం. "నేను జీతానికి యుద్ధం చేసేను, ఆయన ఊరికే చేసేడండీ" అని పదిమందిలో చెప్పుకునేవాడు.

ముప్పై ఏడులో ఎన్నికలొచ్చాయి. ఓటు అందరికీ లేదు. పన్ను కట్టేవాళ్ళకీ, చదువుకున్నవాళ్ళకీ, మిలిటరీలో చేసినవాళ్ళకీ ఇచ్చారు. లంకలో పన్ను కట్టేటంత ఆస్తీ, చదువూ రెండూ కరువే గనక, ఓటున్న మొనగాడు దాదాపు ముత్యాలరాజొక్కడే. ఒక్కో పక్షానికి ఒక్కో రంగు పెట్టె పెట్టారు, కాగితం తీసుకెళ్ళి నచ్చిన పెట్టెలో వేయాలి. తాతారావు పక్షానిది పసుపు పెట్టె. అతను పడవ కట్టించుకొచ్చి, బావగారిని పక్కన కూర్చోబెట్టుకుని, "మనవాళ్ళు మంత్రులైతే కొల్లేరు కొల్లేటివాళ్ళదేనండీ బావగారూ. ఏ ఆసామీ ఏ కంట్రాక్టరూ మీ నీళ్ళ జోలికి రాకుండా చూసే పూచీ నాది" అన్నాడు.

పెట్టె పసుపు రంగుదని వినగానే ముత్యాలరాజు భార్య మరిడమ్మ పొట్లంలో కుంకం కట్టి ఇచ్చింది. పసుపుకి కుంకం తోడు లేకపోతే ఎలాగ? ముత్యాలరాజు ఓటేసి, పెట్టెకి బొట్టుపెట్టి, దణ్ణం పెట్టుకున్నాడు. అక్కడున్న ఆఫీసరు లేచి చిందులు తొక్కాడు. ఈయన ఏమాత్రం తగ్గకుండా ఊరికొచ్చి చెప్పాడు: "కింగుగారి యుద్ధం చేసినందుకు కింగుగారిచ్చిన ఓటు, కింగుగారిని పొమ్మనేవాళ్ళకి వేసొచ్చేనండీ. ఇంతకంటే న్యాయమైన బేరం ఉందా."

పసుపు పెట్టె నెగ్గింది. మంత్రివర్గం వచ్చింది. మరుసటేడు వరదా వచ్చింది.

ఆ వానాకాలం ఏళ్ళూ కాలవలూ ఒక్కసారే పొంగి కొల్లేట్లో పడ్డాయి. లంక చుట్టూ ఉన్న మట్టిగట్టు దాటి నీళ్ళు లోపలికొచ్చేశాయి. బయట వరద తీసింది గాని, లోపల చిక్కిన నీళ్ళు పళ్ళెంలో పులుసులాగా ఉండిపోయాయి. పొయ్యి రాజేసే చోటు లేదు. పసిపిల్లలు విరోచనాలతో తోటకూర కాడల్లా వడలిపోతున్నారు. అప్పుడు తాతారావు రెండు పడవలు జోడించి కట్టించి, దానిమీద ఒక ఆయిలింజను ఎక్కించుకుని వచ్చాడు. గూడెంలో ఒక రైసుమిల్లు ఆసామి ఇచ్చాడట, ధర్మానికి.

కులపెద్ద సూర్రావు దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. ముసలాయన, మాట తక్కువ మనిషి. "నీళ్ళు తోడే మిషను నీళ్ళమీద బతికేవాళ్ళ ఊళ్ళోకి వస్తే మళ్ళీ పోతుందంటారా" అని అడిగాడు.

"పోకేం చేస్తుందండీ" అన్నాడు తాతారావు గట్టుమీద నిలబడి. "లంకలో వరద నీళ్ళు తోడేసి వెళ్ళిపోతుంది. మీ కొల్లేటి నీళ్ళు చుక్క ముట్టదు. నా మాట."

"అయితే దిగి చెప్పండి" అన్నాడు సూర్రావు.

దిగి చెప్పడమంటే ఏమిటో చెప్పాలి. గువ్వలంకలో గట్టుమీద చెప్పిన మాట గాలిమాట. పెళ్ళి ఖాయం చేసుకున్నా, పంపకాలు తెగ్గొట్టుకున్నా, నిలబడాల్సిన మాట ఏదైనా ఊరి రేవులోకి దిగి నడుంలోతు నీళ్ళలో నిలబడి చెప్పాలి. నడుమే ఎందుకంటే, మోకాల్లోతులోంచి మనిషి పరిగెత్తి పారిపోగలడు, నడుంలోతులోంచి పరిగెత్తలేడు. అక్కడ చెప్పిన మాట తప్పిందా, ఆ ఇల్లు నీళ్ళకి వెలి. ఆ ఇంటి వల పడకూడదు, ఆ ఇంటి దోనె కదలకూడదు. ఆ లంకలోనే కాదు, కొల్లేట్లో ఏ లంకవాళ్ళూ ఆ ఇంటిని తమ నీళ్ళలోకి రానివ్వరు. వెలి పోయే దారి ఒక్కటే. మాట అసలు ఎవరిదో ఆ మనిషి వచ్చి, అదే రేవులో, అదే లోతులో నిలబడి, తప్పు నాది అని ఒప్పుకోవాలి.

తాతారావు తన తెల్లటి పంచెకేసి చూసుకుని నవ్వాడు. "నేనిప్పుడు గూడెం మనిషినండీ. నాకు వలా లేదు, దోనే లేదు. నన్ను వెలేస్తే ఏం పోతుంది, వెయ్యకపోతే ఏమొస్తుంది? నా మాటకి మీ రేవులో విలువ ఉండదు. మా బావగారు చెప్తారు. మీ లంక మొత్తమ్మీద ఇంజను సంగతీ, ప్రపంచం సంగతీ తెలిసిన మనిషి ఆయనొక్కరే."

ఆ చివరి మాట ముత్యాలరాజుకి తేనె పూసినట్టయింది. మరిడమ్మ వెనకనించి పంచె కొంగు లాగుతూనే ఉంది. ఆయన విదిలించుకుని దిగాడు. నడుందాకా దిగి, తిరిగి నిలబడి, బస్రాలో హవల్దారు ముందు నిలబడ్డట్టు నిలబడి, "ఈ ఇంజను వరద నీళ్ళకే. మన నీళ్ళ జోలికి రాదు. వస్తే నా ఇల్లు నీళ్ళకి వెలి" అన్నాడు. లంకంతా విన్నది.

తీరా చూస్తే గూడెం నుంచొచ్చిన కుర్ర డ్రైవరు ఎంత తిప్పినా ఇంజను పలకలేదు. ముత్యాలరాజు వాణ్ణి పక్కకి నెట్టి, నూనె గొట్టం ఊడదీసి, ఉఫ్ అని ఊది, బిగించి, చక్రం పట్టుకుని ఒక్క ఊపు ఊపాడు. డుబుక్కు డుబుక్కుమని పలికింది. జనం కేకలు పెట్టారు. అప్పుడు ఆయన మొహం చూడాలి! "ఇంజను దెయ్యమూ కాదండీ, దేవుడూ కాదు. దానికో కులమా గోత్రమా, నూనె పోసినోడి చాకిరీ చేస్తుందంతే" అంటూ వారం తిరక్కుండా లంకలో నీళ్ళన్నీ తోడేశాడు. పొయ్యిలు రాజుకున్నాయి. పోతూ పోతూ తాతారావు, "ఆ చెయ్యి బంగారమండీ బావగారూ. మా డ్రైవరుక్కూడా కాస్త నేర్పిపెట్టండి" అన్నాడు. నేర్పాడు. ఒళ్ళు దాచుకోకుండా, ఏ మరకి ఎంత బిగువో వేళ్ళు పట్టుకుని నేర్పాడు.

ఇంజను మాత్రం వెళ్ళలేదు. పడవలు దొరకలేదని గట్టుమీద పెట్టి తాటాకులు కప్పారు.

వేసవిలో మెట్ట నుంచి కూలీలు దిగారు. గువ్వలంక ఎదురుగా, ఊరి రేవునీ వలలు పడే నీళ్ళనీ చుడుతూ, గట్టు పోయడం మొదలెట్టారు. ఎవరయ్యా మీరంటే గూడెం మిల్లు ఆసామి మనుషులమన్నారు. ఆ నీళ్ళడుగు నేలంతా ఆయన కౌలుకి తీసుకున్నాడనీ, నీళ్ళు తోడేసి రెండో పంటగా దాళ్వా వరి వేస్తాడనీ చెప్పారు. గట్టు రెండు కొసలూ కలిసిన రోజున తాటాకులు తీశారు. ముత్యాలరాజు దగ్గర నేర్చుకున్న ఆ కుర్ర డ్రైవరే వచ్చి, ఆయన నేర్పినట్టే గొట్టం ఊది, చక్రం ఊపాడు. డుబుక్కు డుబుక్కుమంటూ గువ్వలంక నీళ్ళు గట్టవతలికి పోవడం మొదలెట్టాయి.

ముత్యాలరాజు కట్టుబట్టలతో ఏలూరొచ్చి, రైలెక్కి, గూడెంలో దిగాడు. దారంతా తనకి తనే సర్దిచెప్పుకున్నాడు, బావగారికి తెలిసుండదని, తెలిస్తే ఊరుకోరని. ఆదిలక్ష్మి గుమ్మంలో మంచినీళ్ళిచ్చింది గాని అన్న మొహంలోకి చూడలేదు. తాతారావు కుర్చీ వేయించాడు.

"యుగం మారిందండీ బావగారూ. ఇంజనొచ్చాక కూడా వల పట్టుకు కూర్చుంటామంటే ఎలాగ? దేశానికి తిండిగింజలు కావాలి. నీళ్ళకింద బంగారంలాంటి నేల, చేపలు పడుకోడానికా?"

"వరద నీళ్ళకని చెప్పేరు కదండీ."

"వరద నీళ్ళే తోడేం కదండీ. ఆ తర్వాత సంగతి ఎవరడిగేరు?"

"నన్ను నీళ్ళల్లో నిలబెట్టి చెప్పించేరు. మాట మీది."

"మాట మీరిచ్చేరు. నేను మీ పేరు చెప్పేనంతే" అన్నాడు తాతారావు, పాలల్లో పంచదార కలిపినంత మెత్తగా. మళ్ళీ తనే అందుకున్నాడు. "అయినా మన మంత్రివర్గం ఉండగా మీకు భయమేంటండీ? అర్జీ పెట్టించేను. పరిశీలనలో ఉంది. మీకంత పట్టింపైతే వచ్చే నెల నేనే వచ్చి రేవులో దిగి, తప్పు నాదని చెప్తాలెండి. ఒక్క మాటకి కరిగిపోతానా?"

వీధిలోకి వచ్చేశాక వెనకనించి ఆదిలక్ష్మి పరుగున వచ్చింది. "అన్నయ్యా, ఆ వరిచేలో ఈయనకీ వాటా ఉంది" అని, కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ముత్యాలరాజు రైలు స్టేషను దాకా ఎలా నడిచాడో ఆయనకే తెలీదు. బస్రాలో జ్వరాలతో పక్కవాళ్ళు రాలిపోతుంటే నిబ్బరంగా ఉన్న మనిషి, గూడెం ప్లాట్‌ఫారం మీద కూలబడి, "నన్నే ఎందుకు ఎంచుకున్నాడు" అని తనలో తను గొణుక్కున్నాడు. ఎందుకో తెలుసు. తన నోరు చూసి ఎంచుకున్నాడు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అంటారే, ఇక్కడ అంతకంటే ఘోరం. మల్లయ్య చేతనే వాడి ఓడకి చిల్లు పొడిపించారు.

వెలి చెప్పడానికి సూర్రావే వచ్చాడు. "నువ్వు చెడ్డోడివని కాదు ముత్యాలూ. ఎవరి బుర్రలో పుట్టినా, మా చెవిన పడింది నీ నోట్లోంచే" అన్నాడు. మిగతావాళ్ళు పక్క లంకలవాళ్ళని బతిమాలుకుని, వాళ్ళ నీళ్ళలో వలలు వేసుకుంటున్నారు. ముత్యాలరాజు ఇంటికి ఆ దారీ మూసుకుపోయింది. దోనె బోర్లించి పెట్టాడు. మరిడమ్మ ఒడ్డునున్న తుంగ కోసి చాపలల్లడం మొదలెట్టింది. ఆ మహాతల్లి ఒక్కసారైనా నోరెత్తి, నేనారోజు పంచె లాగలేదా అని అంటే ఆయనకి కొంత తేలికగా ఉండేది. ఆవిడ అనలేదు. కూడు పెట్టి, పక్కన కూర్చుని, చాప అల్లుకునేది.

ఆయన నోరు పడిపోయింది. సెప్టెంబరులో జర్మనీ యుద్ధం మళ్ళీ మొదలైందని పడవవాళ్ళు కబురు తెస్తే, వెలి సంగతి మరిచిపోయి జనం ఆయన అరుగు దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. ఏమంటారండీ ముత్యాలుగారూ, ఎవరు నెగ్గుతారండీ అని. ఆయన తుంగ చీలుస్తూ, "ఎవరు నెగ్గితే ఎవరికండీ" అని ఊరుకున్నాడు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కళ్ళే జారుకున్నారు.

వచ్చే నెల వస్తానన్న తాతారావు ఆ నెలా రాలేదు, ఆ పై నెలా రాలేదు. ముత్యాలరాజు మాత్రం ఎదురుచూస్తూనే ఉన్నాడు. మోసపోయినవాడి ఆశ అంత తొందరగా చావదు. తనని ముంచినవాడే వచ్చి లేవదీయాలి మరి, ఇంకెవరూ లేవదీయలేరు. ఇంతలో పసుపు పెట్టె మంత్రులంతా రాజీనామాలిచ్చేశారని తెలిసింది. మార్గశిరంలో ఒక సాయంత్రం, ఆ రాజీనామాలెందుకో లంకలవాళ్ళకి చెప్పడానికి తాతారావు గువ్వలంక గట్టుమీద మీటింగు పెట్టాడు. ముత్యాలరాజు ఉతికిన పంచె కట్టుకుని వెళ్ళి వెనక కూర్చున్నాడు.

తాతారావు బ్రహ్మాండంగా మాట్లాడాడు. పక్కన ఇంజను డుబుక్కు డుబుక్కుమంటూనే ఉంది, దాన్ని మించి గొంతు పెంచాడు. "ఢిల్లీలో కూర్చున్న దొర మనల్ని యుద్ధంలోకి దింపేడండీ. ప్రాణాలు మనవి, పంటలు మనవి. మనల్ని ఒక్క మాటడిగేడా? మనల్నడక్కుండా మన తరఫున మాటిచ్చేశాడు. మన నోటితో అనని మాటకి మనం చావాలంట. ఇదెక్కడి ధర్మమండీ? అందుకే మనవాళ్ళు కుర్చీలు తన్నేసి బయటికొచ్చేరు." జనం చప్పట్లు కొట్టారు.

ముత్యాలరాజు లేచాడు. మూడు నాలుగు నెలల తర్వాత ఆయన గొంతు పదిమందిలో వినపడింది.

"చాలా బాగా చెప్పేరండీ బావగారూ. నిజంగానే అది అన్యాయం. ఒక్క సందేహమండీ. ఈ నీళ్ళు తోడేటప్పుడు, ఇదిగో వీళ్ళల్లో ఎవర్నడిగేరు?"

తాతారావు చెయ్యి గాల్లో ఆగింది. "అది వేరే సంగతండీ. అర్జీ నడుస్తోంది. ఇంతలో మంత్రివర్గం పోయింది. ఇక మా చేతుల్లో ఏముందండీ?"

"మీరు రాజీనామా చేసేరు. ఇంజను చెయ్యలేదండీ" అన్నాడు ముత్యాలరాజు.

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆయన నాలుగడుగులు ముందుకొచ్చాడు. గొంతులో వెటకారం పోయింది. "పోనీండి. నేల వద్దు, నీళ్ళొద్దు, మీ వాటా మీరే తినండి. నాకొక్కటే కావాలి. దొర మన తరఫున మాటిచ్చేశాడని కుర్చీలే వదిలేశారు కదా మీవాళ్ళు. మీ తరఫున నేనిచ్చిన మాటకి నా ఇల్లు చస్తోంది. దిగి, అది మీ మాటేనని చెప్పండి. మీ కాళ్ళకి దణ్ణం పెడతాను."

చెల్లెలి మొగుడి ముందు ఆయన నిజంగానే చేతులు జోడించాడు. జనమంతా తాతారావుకేసి తిరిగారు. తాతారావు ఒక్క క్షణం ముత్యాలరాజు భుజం మీదుగా రేవుకేసి చూశాడు. చూసి, చిరునవ్వు నవ్వాడు.

"దానికింత మాటెందుకండీ బావగారూ. ఇదిగో, ఇప్పుడే దిగుతున్నాను."

ఖద్దరు పంచె పైకి మడిచి, చెప్పులు విడిచి, రేవు మెట్లు దిగాడు. ముత్యాలరాజు ఒక్క క్షణంలో అన్నీ క్షమించేశాడు. గట్టూ, వరిచేనూ, గూడెం ప్లాట్‌ఫారమూ, అన్నీ. రేపు తెల్లారి దోనెకి తారు పూసి, వెల్లకిలా తిప్పుకోవాలని కూడా అనుకున్నాడు. రేవు తగ్గిపోతున్నా నడిమధ్యన నడుంలోతు ఉండకపోతుందా అనుకున్నాడు, పిచ్చి మనిషి.

తాతారావు నీళ్ళలో నడిచాడు. నీళ్ళు చీలమండ దాటాయి. ఇంకా నడిచాడు. పిక్కల దగ్గరకొచ్చాయి. "ఇంకాస్త లోపలికండీ" అన్నాడు సూర్రావు. ఇంకా నడిచాడు. పిక్కలు దాటలేదు. ఒకప్పుడు మునకేస్తే తప్ప అడుగు దొరకని చోట నిలబడ్డాడు, అక్కడా మోకాలు తడవలేదు. ఆ చివర్నుంచి ఈ చివరికి, గట్టు దగ్గర్నుంచి గట్టు దగ్గరికి, గువ్వలంక రేవంతా బురద, బురదమీద జానెడు నీళ్ళు.

అక్కడ నిలబడి తాతారావు తిరిగాడు. "పెద్దలందరూ వినండి. ఆ మాట నాది. తప్పు నాదేనండీ" అన్నాడు, ఎంతో వినయంగా, అందరికీ వినపడేలాగా.

లంకంతా సూర్రావుకేసి చూసింది. ముసలాయన చేత్తో నీళ్ళు చూపించాడు. "నడుంలోతు కాదు ముత్యాలూ" అన్నాడు. "పిక్కల్లోతులో చెల్లుతుందని నేనివాళ అంటే, రేపు ఒడ్డుమీద చెల్లుతుందంటారు. ఇక ఈ లంకలో మాటన్నది మిగలదు."

"గట్టవతల లోతుంది కదండీ" అన్నాడెవడో.

"గట్టవతల మన రేవు కాదు" అన్నాడు సూర్రావు, కళ్ళు వత్తుకుంటూ.

"నేనైతే దిగేనండీ. చెప్పేను కూడాను. నీళ్ళు లేకపోతే నేనేం చెయ్యను?" అంటూ తాతారావు తిరిగి నడవడం మొదలెట్టాడు. ముత్యాలరాజుకి అప్పుడు తెలిసింది, ఇతను పంచె మడవకముందే నీళ్ళ లోతు చూసుకున్నాడని. కొల్లేటి బిడ్డ గదా, ఒక్క చూపుకే లోతు తెలుస్తుంది. ఏడుపొచ్చింది ఆయనకి. పదిమంది చూస్తున్నారని కూడా లేకుండా, చేతులు ఇంకా జోడించే ఉండగానే, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇంజను మాత్రం ఆయన నేర్పినట్టే, ఎక్కడా తడబడకుండా, డుబుక్కు డుబుక్కుమని ఆడుతోంది.

రేవుకి దగ్గరి ఇల్లు ముత్యాలరాజుదే. గుమ్మంలో మరిడమ్మ నిలబడి ఉంది. తాతారావు పిక్కలదాకా నల్లటి బురదతో మెట్లెక్కి వచ్చి, పంచె ఎత్తిపట్టుకుని, "కాళ్ళకి కాసిని నీళ్ళిప్పించు చెల్లెమ్మా" అన్నాడు.

ఆడపడుచు మొగుడు వాకిట్లో నిలబడి కాళ్ళకి నీళ్ళడిగితే లేవనడం ఆ ఇంటా వంటా లేదు. మరిడమ్మ పక్కనే నిండుబిందె ఉంది. దానిమీద బోర్లించిన చెంబు ఉంది. గట్టుమీద ఉన్నవాళ్ళందరికీ కనపడుతూనే ఉంది. ఆవిడ కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

"నీళ్ళు లేవండీ అన్నయ్యగారూ" అంది.

తాతారావు ఆ బురదకాళ్ళతోనే వెళ్ళి గట్టవతల కట్టిన పడవెక్కాడు.